చంద్రహారపు కొలత

ప్రేమ్‌చంద్ 1931లో వెలువరించిన 'గబన్' నవలను స్త్రీల నగల మోజుపై వ్రాసిన నీతికథగా చదువుట వాడుకైపోయినది. అట్టి పఠనమునకు నవలలో ఆధారము లేకపోలేదు. కాని జాల్పా తన యింట అడుగు పెట్టకమునుపే రమానాథుడు ఒక మిత్రుని కోటు, వేరొకని చేతిగడియారము ఎరువు తెచ్చుకొని తొడుగుకొని తిరుగుచుండినాడు. మోజు అతనిది, నింద మాత్రము భార్యకు చుట్టుకొనినది.

జాల్పా కోరిక పుట్టిన తీరు గమనింపదగినది. తల్లి మెడలోని చంద్రహారమును చూచి చిన్నపిల్ల తనకును కావలెనన్నది. అది అత్తవారింటినుండి వచ్చునని తల్లి చెప్పినది. పెండ్లినాడు వచ్చిన నగలలో ఆ హారమొక్కటే లేదు. ఆమె ఏ రాణివాసపు సొమ్ములనో తలచుకొని కుములలేదు. తల్లి, చెలికత్తెలు, వీరే ఆమెకు కొలత. రైతునకు ఎకరాలు, వర్తకునకు ఖాతా ఉన్నవి. 30 రూపాయల జీతగానికి తన మర్యాద ఇంతయని చెప్పుకొనుటకు ఏ లెక్కయు లేదు. అందుచేత పొరుగువారి కంటిలోనే దానిని వెదకుకొనవలసి వచ్చినది.

దీనికి నవలలోని గట్టి నిదర్శనము జాల్పా కాదు, రతన్. ఆమె వృద్ధుడైన వకీలు భార్య. ధనమునకు కొదువ లేదు. అట్టి స్త్రీ జాల్పా చేతి కంకణములను చూచి, అటువంటివే చేయించుమని రమానాథుని చేతిలో 600 రూపాయలు పెట్టినది. ఆ కంకణములు అప్పుపై వచ్చినవని ఆమె యెరుగదు. కంసాలి ఆ పైకమును పాతబాకీకి జమ కట్టుకొనినాడు. కలిమి లేమిని చూచి ఆశపడుట యెంత విపరీతము! ఆమె కోరినది కంకణములనేనా, లేక వాటిని ముచ్చటపడి తెచ్చిన పడుచు భర్త గల కాపురమునా అను సందేహము పాఠకునికి కలుగక మానదు.

కచేరి హిందీలో 'గబన్' అనగా అప్పగించిన సొమ్మును కాజేయుట. రమానాథుడు ఆ భయముతోనే కలకత్తాకు పారిపోయినాడు. కాని జాల్పా తన హారమునమ్మి ఆ పైకమును మునిసిపల్ కచేరిలో కట్టివేసినది. పేరునకు తగిన నేరము దస్తరములో మిగులనేలేదు.

కలకత్తాలోని పోలీసుల తంత్రము, బూటకపు సాక్ష్యము కథను సాగదీసినవి. జాల్పాలోని మార్పును కొంత తొందరగా వచ్చినదనక తప్పదు. అయినను ఉరిశిక్ష పడిన దినేశుని యింట ఆమె ఊడిగము చేయు ఘట్టమునకు నవలలో అవసరమున్నది. పోల్చుకొను గుణము రమానాథునిలో నశింపలేదు, కొలత మారినది. పోలీసుల చెరలో, వారి సొమ్ముతో భోగము లనుభవించుచున్నవాడు ఒకనాడు కారులో పోవుచు, తలపై గంగాజలపు కలశముతో నడుచుచున్న జాల్పాను చూచినాడు. ఆమె ఒంటిపై నగ లేదు. న్యాయమూర్తికి నిజము చెప్పుటకు అతడు వెళ్ళినది ఆ తరువాతనే.