ప్రభువుగారి దానం – చంద్రుడి ఖర్చు

రోదసీ యాత్రలకు ప్రజల డబ్బు ఖర్చు పెట్టవచ్చునా అన్న ప్రశ్నకు మనవాళ్ళు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. జనం తిండిలేక మాడుతుంటే చంద్రుడి మీదికి రాకెట్టా అని ఒకరు. విజ్ఞానానికి అడ్డుపడేవాడు అభివృద్ధి నిరోధకుడు అని మరొకరు. రెండూ కాలేజీ వక్తృత్వ పోటీలకు సరిపోతాయి, అంతకుమించి పనికిరావు. అందుచేత ఆ వాదన జోలికి నేరుగా పోకుండా, 1970లో అమెరికాలో వెలువడిన రెండు రచనలను పక్కపక్కన పెట్టి చూడదలచుకున్నాను. ఒకటి ఉత్తరం, రెండవది గేయం. సాహిత్య విమర్శకుడికి బడ్జెట్టుతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. బడ్జెట్టును శాసనసభలో నెగ్గించేది అంకెలు కావచ్చు గాని, జనం చేత ఒప్పించేది కథలే. కథను విప్పి చూడడం మన పనే.

ఉత్తరం రాసినవాడు ఎర్న్‌స్ట్ స్టూలింగర్. అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్లులో ఉన్న మార్షల్ రోదసీ కేంద్రంలో శాస్త్ర విభాగపు సహ సంచాలకుడు. ఆఫ్రికాలో, జాంబియాలో పనిచేస్తున్న సిస్టర్ మేరీ జుకుండా అనే క్రైస్తవ సన్యాసిని ఆయనకు ఉత్తరం రాసింది. భూమి మీద ఇందరు పిల్లలు ఆకలితో చస్తుంటే కోట్లకు కోట్లు రోదసిలో పోయమని మీరెలా చెప్పగలుగుతున్నారు అన్నది ఆమె ప్రశ్న. 1970 మే 6న ఆయన సవినయంగా, విపులంగా జవాబు రాశాడు. అమెరికా రోదసీ సంస్థ దాన్ని అచ్చువేసి పంచింది. నేటికీ ఈ ప్రశ్న ఎక్కడ లేచినా ఈ ఉత్తరాన్ని బయటికి తీస్తూనే ఉంటారు. తీయవలసినదే. ఎదుటివారి ప్రశ్నను వెక్కిరించకుండా, ఆమె బాధ నిజమైనదని ఒప్పుకుని మొదలుపెట్టిన జవాబులు పాలకవర్గాల వైపు నుంచి అరుదుగా వస్తాయి.

ఉత్తరానికి ఆయువుపట్టు ఒక పిట్టకథ. సుమారు నాలుగువందల ఏళ్ళ కిందట జర్మనీలో ఒక చిన్న ఊరికి దయగల ప్రభువు ఉండేవాడట. రాబడిలో పెద్దభాగం బీదలకు పంచేవాడు. ఒకనాడు ఆయనకు, ఇంట్లో కూర్చుని అద్దాలు అరగదీసి, కంటికి ఆనని వాటిని పెద్దవిగా చూపే పరికరాలు చేసే ఒక మనిషి తారసపడ్డాడు. ప్రభువు అతన్ని కోటలో పెట్టుకుని పోషించాడు. మహమ్మారి వచ్చి జనం చస్తుంటే, ఈ పనికిమాలిన ఆటలకు డబ్బు తగలేస్తున్నాడని ఊరు ఆగ్రహించింది. ప్రభువు చలించలేదు. నేను ఇవ్వగలిగినంత మీకు ఇస్తూనే ఉంటాను, ఇతనికి కూడా ఇస్తాను, దీనివల్ల ఒకనాడు మేలు కలుగుతుంది అన్నాడు. ఆ కృషిలోంచి సూక్ష్మదర్శిని వచ్చింది; అది వైద్యాన్నే మార్చివేసింది.

కథ చక్కగా కుదిరింది. అబద్ధమూ కాదు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ సూక్ష్మదర్శిని కింద గుర్తించాడు. కథాకాలం నుంచి లెక్కిస్తే మూడువందల ఏళ్ళకు పైమాట. ఇంత ఆలస్యమా అని నేను ఎత్తిపొడవను. విజ్ఞానం ఎప్పుడు ఫలిస్తుందో ముందుగా ముహూర్తం పెట్టలేము. నాకు కనిపించే లోపం వేరేచోట ఉన్నది. ఈ కథలో ప్రభువుకు రాబడి ఎక్కడినుంచి వచ్చింది? దున్నినవాడు ఇచ్చిన శిస్తు లోంచి. అంటే బీదలకు పంచినదీ, అద్దాలవాడికి ఇచ్చినదీ ఒకే మూటలోని సొమ్ము, ఆ మూట ఊరిది. అయినా కథలో ఊరికి ఒకే ఒక పాత్ర మిగిలింది: దానం పుచ్చుకుని గొణగడం. ప్రజాస్వామ్య రాజ్యంలో పన్ను కట్టేవాడి ప్రశ్నకు జవాబుగా చెప్పిన కథలో, డబ్బు ప్రభువుగారి సొంత ఆస్తి అయి కూర్చున్నది. ఇది కేవలం శిల్పదోషం కాదు, దృక్పథమే అది.

అదే ఉత్తరంలో మరొక మాట ఉన్నది. రోదసికి పోతున్నది దేశ బడ్జెట్టులో సుమారు 1.6 శాతమే, దాన్ని ఆపినా ఆ డబ్బు ఆకలిగొన్నవారికి చేరదు, రాజ్యం పద్దులు అలా నడవవు అంటాడు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. 1966లో రోదసీ సంస్థ వాటా అమెరికా బడ్జెట్టులో 4.4 శాతం దాకా పెరిగింది. 1970ల నడిమికి ఒక శాతం దరిదాపుల్లోకి పడిపోయింది. 1972 డిసెంబరు తర్వాత చంద్రుడి మీదికి మనిషి పోనేలేదు. ఆ మిగిలిన డబ్బుతో నీగ్రోవాడలు బాగుపడ్డాయా? లేదు. కనుక చంద్రుడి నుంచి రొట్టెను కోసుకు రావచ్చునన్న లెక్క తప్పు. అయితే స్టూలింగర్ తన సమర్థనకు చెప్పిన ఈ మాట నిజానికి ఆ వ్యవస్థ మీద నేరారోపణ అవుతుందని ఆయనకు తోచినట్టు లేదు.

ఆయన గతం కూడా పాఠకులకు చెప్పవలసి ఉన్నది. వాన్ బ్రౌన్ బృందంలో 1943 నుంచి పనిచేసినవాడు. వారి వి-2 రాకెట్లను భూగర్భ కర్మాగారంలో కూర్చినవారు మిట్టెల్‌బౌ-డోరా శిబిరపు ఖైదీలు. ఆ శిబిరానికి తోలిన సుమారు 60,000 మందిలో 20,000 మంది దాకా చచ్చిపోయారు. యుద్ధం ముగిశాక అమెరికా ఆ బృందాన్ని తీసుకుపోయింది. ఈ కారణం చేత ఉత్తరాన్ని చింపివేయాలని నేను అనను. విజ్ఞానానికి ఖరీదు ఎవరు చెల్లించారు అనే లెక్క తెరిచినప్పుడు మొదటి పేజీ డాలర్లతో మొదలు కాదని మాత్రం అంటాను.

ఇక గేయం. గిల్ స్కాట్-హెరన్ అనే నల్లజాతి యువకవి డోళ్ళ వాయింపు మీద చెప్పిన ‘వైటీ ఆన్ ద మూన్’ 1970లోనే రికార్డుగా వచ్చింది. వస్తువు చాలా చిన్నది. ఒక పేద ఇంట్లో చెల్లెల్ని ఎలుక కరిచింది. వైద్యుడికి ఇవ్వడానికి డబ్బు లేదు. అద్దె పెరిగింది, పన్ను పెరిగింది. తెల్లదొర మాత్రం చంద్రుడి మీద ఉన్నాడు. ప్రతి బాధ తర్వాతా చంద్రుడు పల్లవిలా తిరిగి వస్తాడు. చివరికి ఆ బిల్లులన్నీ దొరగారికే టపాలో పంపుతానంటాడు.

తర్కం దృష్టితో చూస్తే ఇది బలహీనమైన వాదం. ఎలుకలను చంద్రుడు పంపలేదు. అద్దె పెంచింది ఇంటి యజమాని. కాని కవి తార్కికుడు కాడు, లెక్కలవాడు. పద్దు ఎవరి పేర రాశారో అడుగుతున్నాడు. స్టూలింగర్ కథలో జనాన్ని చంపింది మహమ్మారి. ఆ మహమ్మారిని మోసుకు తిరిగేది ఎలుక. ఆయన కథలో ఎలుక కనపడదు. అదే సంవత్సరం, అదే దేశంలో, ఈ గేయంలో అది మనిషిని కరిచింది. సూక్ష్మదర్శిని వచ్చి, క్రిమి దొరికి, మందు కూడా పుట్టిన తర్వాత ఎలుక ఇంకా ఆ ఇంట్లో ఎందుకున్నది? దీనికి ఏ ప్రయోగశాలా జవాబు చెప్పదు. ఇంటద్దె చట్టం చెప్పాలి. ఈ ఒక్క విషయంలో ఆ కుర్రవాడి గేయం ఆ పెద్దమనిషి ఉత్తరం కంటే లోతుగా పోయింది.

1969 జూలైలో, అపోలో-11 ఎగరడానికి ముందు రోజున, రాల్ఫ్ అబర్నాథీ కంచర గాడిదల బండ్లతో, బీద కుటుంబాలతో ప్రయోగ కేంద్రానికి వెళ్ళాడు. సంస్థాధిపతి థామస్ పేన్ ఎదురువచ్చి మాట్లాడాడు. రాకెట్ మీట నొక్కకుండా ఉంటే పేదరికం పోయేటట్లయితే నేను నొక్కను అన్నాడు. మంచి మాటే. కాని ఆ సంవత్సరం అమెరికా సైనిక వ్యయం సుమారు 8,000 కోట్ల డాలర్లు. రోదసీ సంస్థకు అందులో ఇరవయ్యో వంతు. అపోలో పథకానికి మొత్తం అయినదే 2,540 కోట్లు. వియత్నాం మీద బాంబులు వేసే మీట పేన్ చేతిలో లేదు. అబర్నాథీ ఎదురుగా నిలబడవలసిన గుమ్మం అసలు వేరు. అయినా లోకమంతా చూస్తున్న గుమ్మం అదొక్కటే కాబట్టి అక్కడికి వెళ్ళాడు. అందులో తప్పు పట్టను.

ఇక్కడ మన వాళ్ళ సంగతి దాచడం న్యాయం కాదు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరినప్పుడూ, 1961 ఏప్రిల్ 12న గగారిన్ భూమిని చుట్టినప్పుడూ అభ్యుదయ శిబిరం పులకించిపోయింది. సోవియట్ రైతు కొట్టంలో ఏమున్నదని ఎవరూ అడగలేదు. అపోలోకు వచ్చేసరికి అందరికీ ఆకలి గుర్తుకొచ్చింది. ఎర్రరాకెట్టు మానవజాతి విజయం, నీలిరాకెట్టు దుబారా అనే విమర్శ, విమర్శ కాదు; జెండా వందనం. ఏ రాజ్యమైనా సరే, అడగవలసిన ప్రశ్నలు అవే.

మన దేశానికి వద్దాం. విక్రం సారాభాయి ఇచ్చిన సమర్థన స్టూలింగర్ కథ కంటే గట్టిది. చంద్రుడి మీదికీ గ్రహాల మీదికీ మనుషుల్ని పంపడంలో సంపన్న దేశాలతో పోటీ పడాలన్న భ్రమ మాకు లేదు, ప్రజల నిజమైన సమస్యలకు ఈ విజ్ఞానాన్ని వాడడంలో ఎవరికీ తీసిపోరాదు అన్నాడు. ఇందులో ప్రభువు లేడు, పని ఉన్నది. ఆ పని ఫలితాన్ని మన కోస్తా చూసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి తక్కువ కాకుండా పోయారు. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళింది; తుపాను హెచ్చరికలు ఉపగ్రహం ద్వారా తీరగ్రామాలకు చేరసాగాయి. 1990 మేలో అంత భీకరమైన తుపానే వచ్చినప్పుడు లక్షమందికి పైగా ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపు. ఈ తేడా ముందు రోదసి దండగ అనేవాడు నోరు మెదపలేడు.

కాని 1996 నవంబరు 6ను కూడా చెప్పుకోవాలి. కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో మళ్ళీ వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన జాలర్లు ఎందరో తిరిగి రాలేదు. ఆకాశంలో కన్ను ఉన్నది, పడవలో రేడియో లేదు. ఉపగ్రహం చూడగలదు; ఎత్తుకుపోవడానికి బస్సు కావాలి, తలదాచుకోవడానికి పక్కాకప్పు కావాలి. ఆ రెండూ రోదసీ శాఖ పద్దులో ఉండవు.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా నడిచిన ఉపగ్రహ బోధన ప్రయోగం సంగతీ అంతే. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ వెళ్ళింది. తెలుగు పల్లెలకు తెలుగులోనే. గొప్ప పని. అయితే ఆ సంవత్సరమంతా దేశంలో ఎమర్జెన్సీ ఉన్నదని ఈ ప్రయోగాన్ని పొగిడేవారు ఎందుకో మరచిపోతారు. పల్లె విన్నది, మాట్లాడే వీలు లేదు.

ఇక ఇటీవలి పద్దు. 2024–25 కేంద్ర బడ్జెట్టులో రోదసీ శాఖకు సుమారు 13,000 కోట్లు; మొత్తం 48 లక్షల కోట్ల పైచిలుకులో రూపాయికి పావు పైసా. రక్షణకు 6.2 లక్షల కోట్లు. పావు పైసా మీద కత్తి దూసి, పక్కనున్న పదమూడు పైసల వైపు చూడని పేదల పక్షపాతం నాకు అర్థం కాదు. అలాగని పావు పైసా ఎటు పోతున్నదో అడగరాదనీ కాదు. మనుషుల్ని పంపే గగనయానానికి 2018లో పదివేల కోట్లు అనుకున్నది, పరిధి పెంచి 2024లో 20,193 కోట్లు చేశారు. సారాభాయి భ్రమ అన్నది ఇప్పుడు పథకం అయింది. ఎప్పుడు, ఎవరి చర్చతో అయింది?

మంగళయానం 450 కోట్లతో అయిందనీ, హాలీవుడ్ సినిమా కంటే చౌక అనీ 2014లో ప్రధాని శ్రీహరికోటలోనే గర్వంగా చెప్పారు. చౌక అన్నప్పుడు ఎవరి కూలి చౌక అని అడగడం మన అలవాటు కావాలి. శ్రీహరికోట రెండవ ప్రయోగ వేదికకు భారీ పరికరాలు చేసి ఇచ్చినది రాంచీలోని ప్రభుత్వరంగ భారీ ఇంజనీరింగు సంస్థ. 2023లో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మన నౌక దిగి దేశం పండుగ చేసుకుంటున్నప్పుడు ఆ కార్మికులు నెలల తరబడి జీతాల్లేక ఆందోళనలో ఉన్నారు. అంతకు రెండేళ్ళ ముందు, 2021 జూలైలో, జెఫ్ బెజోస్ సొంత రాకెట్టెక్కి కాసేపు తిరిగివచ్చి, తన కంపెనీ కూలీలకూ కొనుగోలుదార్లకూ కృతజ్ఞత చెప్పాడు. దీనికంతటికీ డబ్బిచ్చింది మీరే అన్నాడు. స్టూలింగర్ కథలోని ప్రభువు నాలుగు శతాబ్దాలు దాచిన మాటను ఈయన నవ్వుతూ చెప్పేశాడు.

జాంబియా సన్యాసిని ప్రశ్న మనకు తెలిసింది ఆ జవాబు ద్వారానే. శ్రీహరికోటలోనూ ఇలాంటిదే జరిగింది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవిలో తరతరాలుగా దుంపలు తవ్వుకుని, తేనె పట్టుకుని, కట్టెలు కొట్టుకుని బతికిన యానాదుల్లో చాలామంది రాకెట్ కేంద్రం కోసం కదలిపోవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరిన తేదీ పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. వారు కదలిన తేదీ దొరకదు. సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఆ కుటుంబాల పెద్దలు ఇంకా కొందరున్నారు. నెల్లూరు, తిరుపతి కాలేజీల విద్యార్థి మిత్రులు ఈ వేసవి సెలవుల్లో వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రాసుకు వస్తే, ఈ పత్రిక అచ్చు వేయాలని సంపాదకులను కోరుతున్నాను.