గలూలా లెక్కలో నల్లగొండ

డేవిడ్ గలూలా ఫ్రెంచి సైనికాధికారి. అల్జీరియాలో పనిచేసిన అనుభవంతో, తిరుగుబాట్లని ఎలా అణచాలో చెబుతూ 1964లో ఒక చిన్న పుస్తకం రాశాడు. కౌంటర్‌ఇన్సర్జెన్సీ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ దాన్ని వదల్లేదు. అతని లెక్క ఇది: ఊళ్ళో కొందరు అటు, కొందరు ఇటు, ఎక్కువమంది ఎటూ కాకుండా మధ్యలో. ఆ మధ్యవాళ్ళని తిప్పుకున్నవాడిదే గెలుపు.

దీన్ని తెలంగాణ సాయుధ పోరాటం పక్కన పెట్టి చూస్తే, 1948 సెప్టెంబరు తర్వాతి కథకి భయం వేసేంత బాగా అతుకుతుంది. సైన్యం దిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అంటే తిరగబడ్డవాళ్ళ డిమాండునే ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. గోదావరి అడవుల్లో కోయగూడేలని ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. ఆ రోజుల్లోనే మలయాలో బ్రిటిష్‌వాళ్ళు బ్రిగ్స్ ప్లాన్ పేరుతో చేసిందీ ఇలాంటిదే. 1951 అక్టోబరులో పోరాట విరమణ. గలూలా పుస్తకం రాకముందే సిలబస్ పూర్తయిపోయింది!

నా పేచీ ఆ ‘మధ్యవాళ్ళ’ గురించి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ, కౌలు పొలంలో తాను పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకి దక్కనివ్వలేదు. ఆమెని ఎవరు ఎటు తిప్పుకున్నారు? సంఘం అండగా నిలిచింది, నిజమే. కానీ ఆ పంట ఆమెది, ఆ కోపమూ ఆమెదే. గలూలా దగ్గర జనం ఒక వేరియబుల్ మాత్రమే, విలువ ఎప్పుడూ బయటివాళ్ళే వేస్తారు.

1952 ఎన్నికలు చూడండి. అతని లెక్క ప్రకారం నల్లగొండ అప్పటికి ప్రభుత్వం గెలుచుకున్న జిల్లా. పార్టీ మీద నిషేధం ఉండటంతో పీడీఎఫ్ పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డికి అక్కడ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సైన్యం వచ్చాక ఇక తుపాకులు దించుదామని వాదించినవాడు కూడా ఆయనే. తుపాకీ వద్దు, పోరాటం మాదే అని జనం రెండూ ఒకేసారి అనగలరు. అలాంటి జవాబు రాసుకోడానికి ఆ సిద్ధాంతంలో గడి లేదు.

ఆ మాటకొస్తే మన పార్టీ చరిత్రల్లోనూ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవండి. దళాల్లో తిరిగిన ఆడవాళ్ళు, విరమణ తర్వాత తమని ఇళ్ళకి పొమ్మన్న సంగతి అందులో చెబుతారు. వాళ్ళని ఏ పక్షం గెలుచుకున్నట్టు?