అదే పని, అదే చేతికి

చాలా ఏళ్ల కిందట ఒక జిల్లా ఎడిషన్‌లో డెస్క్ ఇన్‌ఛార్జిగా ఉండేదాన్ని. ఒక రాత్రి పేజీలు వదిలే హడావుడిలో, కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్ ఇచ్చిన కాపీ చూసి అందరూ వినేలా ‘ఇదేం రాత?’ అన్నాను. వార్త నేనే తిరగరాసి పంపేశాను. ఆ తర్వాత అతని తప్పులు తగ్గాయి. కుదురుకున్నాడనుకున్నాను. కొన్ని వారాలకు గానీ అసలు సంగతి తెలియలేదు: కష్టమైన వార్తలు ముట్టుకోవడమే మానేశాడు. ప్రెస్‌నోట్లు, సంతాప సభలతో సరిపెట్టుకుంటున్నాడు.

నా మాటలో కోపం ఉంది, తప్పెక్కడుందో లేదు. ‘పంట నష్టం అని రాశావు, ఎన్ని ఎకరాలో లేదు. తహసీల్దారుకు ఫోన్ చేసి కనుక్కో’ అని ఉంటే అతనికి చేయడానికి ఒక పని దొరికేది. నేను అతనికి మిగిల్చింది భయం.

తప్పును ఎలా ఎదుర్కోవాలో చెప్పే ఉదంతం ఒకటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందు మాత్రం ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్ కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న తర్వాతి ఎస్‌ఎల్‌వీ-3తో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరిన రోజు విలేకరుల దగ్గరికి కలాంనే పంపారు. కలాం ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పారు. మనం ధవన్ పెద్దమనసును మెచ్చుకుని అక్కడే ఆగిపోతాం. ఆ రెండు తేదీల మధ్య జరిగింది నాకు అంతకన్నా ముఖ్యం. పొరపాటును ఎవరూ దాచలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు ఇరుక్కుపోయిందన్న దాకా వెతికి పట్టుకున్నారు. ఆ తర్వాతి రాకెట్ బాధ్యత మళ్లీ కలాం చేతిలోనే ఉంచారు.

ఆ కుర్రాడి విషయంలో నేను చేయనిది సరిగ్గా ఇదే. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. పేజీలు వెళ్లాక, తప్పు చేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇందులో నీకేం వెలితిగా అనిపిస్తోంది?’ అని ముందు అడిగేదాన్ని. చాలాసార్లు తప్పు వాళ్లే చెప్పేవారు. మర్నాటి కాపీలో దాన్ని సరిదిద్దుకుంటే, ఏం మారిందో గుర్తుపట్టి చెప్పేదాన్ని. దానికి పట్టేది పది నిమిషాలు.

మీ కింద పనిచేసేవాళ్లకు తప్పు చూపించాల్సి వస్తే, నలుగురిలో కాకుండా విడిగా, ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. వచ్చే వారం అదే పని మళ్లీ ఆ మనిషికే ఇవ్వండి.