ఒక్కడే ఒక బ్యాండు: జెస్సీ ఫుల్లర్

పక్కవాద్యాలకు నమ్మకస్తులు దొరక్కపోతే పాటగాడు ఏం చేస్తాడు? కచేరీ మానుకుంటాడు, లేదా ఉన్న గిటార్‌తోనే సరిపెట్టుకుంటాడు. జెస్సీ ఫుల్లర్ ఆ రెండూ చేయలేదు. కాళ్లకు పని కల్పించాడు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1896లో పుట్టిన ఈ నల్లజాతి గాయకుడు పశువులు కాశాడు, చీపుర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, సర్కస్ డేరాలు లాగాడు. కాలిఫోర్నియా చేరాక రైల్వేలో, యుద్ధకాలంలో ఓడల నిర్మాణంలో చెమటోడ్చాడు. పాటనే వృత్తిగా పట్టుకునేసరికి వయసు యాభై దాటింది. 1950ల ఆరంభంలో ‘ఫాట్‌డెల్లా’ అనే వాద్యాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు.

డబుల్ బేస్ పైభాగాన్ని పోలిన పెట్టె, దానికి బిగించిన ఆరు పియానో తీగలు, కింద పెడళ్లు. పెడల్ తొక్కితే మెత్తని సుత్తి తీగను కొడుతుంది. కుడికాలు ఇలా మంద్రస్వరాలు పలికిస్తుంటే, ఎడమకాలు తాళం చూసుకునేది. అందుకు హై-హ్యాట్ తాళాలో, బట్టలుతికే రేకుపలకో ఉండేవి. చేతుల్లో పన్నెండు తీగల గిటార్. మెడకు తగిలించిన చట్రంలో మౌతార్గాన్, కజూ అనే బుల్లి వాద్యం.

మన బుర్రకథకుడు తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ, గజ్జెల కాళ్లతో చిందేస్తూ కథ చెప్పినట్టే ఇదీ. కాకపోతే కథకుడికి పక్కన వంతలుంటారు. ఫుల్లర్‌కు వంత కూడా తానే.

ఇందులో అసలు కిటుకు పనుల పంపకం. నోరు ఒక్కటే కాబట్టి పాడేటప్పుడు మౌతార్గాన్ ఊదడం కుదరదు. చరణం ముగిశాక ఊదాలి. ఆ మార్పు జరిగే క్షణంలో పాట తెగిపోకుండా పట్టుకునేవి గిటారూ, కాళ్లూ. కాళ్లు ఆలోచన అక్కర్లేకుండా ఆడేదాకా సాధన చేస్తేగాని మనసు మాట మీద నిలవదు. మౌతార్గాన్‌ను దోసిట్లో పట్టి నాదాన్ని మలిచే వీలుండదు. ఊపిరితోనే మలచాలి. బేస్‌కు ఆరే తీగలు కనుక బాణీ కూడా ఆ పరిధిలో ఒదగాలి.

ఈ ఇరుకులోనే పుట్టింది 1954 నాటి ‘శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్లూస్’. విడిచిపోయిన ప్రేయసి గురించిన పాటే అయినా నడక మాత్రం హుషారు. బాబ్ డిలన్ 1962 నాటి తన తొలి ఆల్బమ్‌లో ఫుల్లర్ పాట ‘యూ ఆర్ నో గుడ్’ పాడాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఫుల్లర్ పాటలు కొన్ని ఎత్తుకుంది. ఎరిక్ క్లాప్టన్ 1992లో ‘అన్‌ప్లగ్డ్’ ఆల్బమ్‌లో ‘బే బ్లూస్’ను కజూతో సహా వినిపించాడు.

ఇప్పుడు లూప్ పెడల్ వచ్చింది. ఒక వరస వాయించి వదిలితే యంత్రం దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుంది, దానిమీద మరో వరస పేర్చుకోవచ్చు. ఎడ్ షీరన్ వంటివారు దాంతో స్టేడియాలు నింపుతున్నారు. అదీ విద్యే. కానీ ఒకసారి తిరగడం మొదలుపెట్టిన లూప్, గాయకుడు ఒక మాట దగ్గర ఆగాలనుకుంటే తనంతట తాను ఆగదు. ఫుల్లర్ పాదం ఆగుతుంది, తొందరపడుతుంది, మళ్లీ అందుకుంటుంది. గొంతూ తాళమూ ఒకే మనిషివి కావడంలోని లాభం అదే.

1976లో ఓక్లాండ్‌లో ఫుల్లర్ కన్నుమూశాడు. రికార్డింగులు దొరుకుతున్నాయి. వినేటప్పుడు ఒకసారి గొంతును వదిలేసి, కుడికాలు ఏం చేస్తోందో పట్టి వినండి. ఆయన చేసింది సర్కస్ విన్యాసం కాదనీ, నికార్సైన సంగీతమనీ అప్పుడు తెలుస్తుంది.