పది ఓడల లాగ్‌బుక్కులు

జీవితంలో పైకి రావాలనుకునేవాళ్ళు, వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఎలా వచ్చారో అడుగుతారు. మంచి పనే. కానీ ఒక్కరినే అడిగి, ఆయన చెప్పిందే దారి అనుకొని లేచి వచ్చేస్తారు. నాకు దిగులు అక్కడే. ఎదుటివాళ్ళ అనుభవాన్ని ఎలా తీసుకోవాలో హెన్రీ పిడింగ్టన్‌ని చూసి నేర్చుకోవాలంటాను.

ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడ్డ మనిషి ఆయన. తుపానులో చిక్కిన ప్రతి కెప్టెన్‌కీ తన తెరచాపల మీద విరుచుకుపడ్డ గాలే తెలుసు. ఒకాయన తూర్పు గాలి అంటాడు, అదే గంటకు ఇంకొకాయన పడమటి గాలి అంటాడు. ఇద్దరిదీ నిజమే. పిడింగ్టన్ వాళ్ళ లాగ్‌బుక్కులు సేకరించి, ఏ వేళకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి కొట్టింది అన్నది ఒకే పటం మీద గుర్తించేవారు. అప్పుడు సుడి కనిపించేది. 1839 నవంబరులో మన కోరంగిని ముంచిన తుపానునూ ఆయన ఇలాగే చదివారు. 1848లో ఇదంతా నావికుల కోసం పుస్తకంగా తెచ్చారు. సైక్లోన్ అన్న పేరూ ఆయన పెట్టిందే.

కలకత్తాలో ఖిదిర్‌పూర్ డాక్ వైపు వెళితే నాకు ఆయనే గుర్తొస్తారు. కలకత్తా రేవున్న హుగ్లీ నది పూడిపోతోందన్న భయంతో అప్పట్లో మాతలా నది ఒడ్డున క్యానింగ్ రేవు తలపెట్టారు. తుపాను వస్తే సముద్రమే ఊరి మీద పడుతుందని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశారు. 1858లో ఆయన పోయారు. అయినా ఆ తర్వాత రేవు కట్టారు. 1867లో ఉప్పెన వచ్చి రేవును చితకగొట్టింది, కొన్నేళ్ళకు దాన్ని వదిలేశారు. కలకత్తా మళ్ళీ హుగ్లీనే నమ్ముకుంది. పోటుపాట్లు ఎలా ఉన్నా లోపల నీరు నిలిచేలా లాక్ గేట్లు పెట్టి కట్టిన ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. ఎందరో నావికుల కష్టం ఆ లేఖలో ఉంది. రేవు కావాలన్న ఆశ ముందు అది నిలవలేకపోయింది. ఇప్పటికీ ఇలాగే జరుగుతుంటే చూడలేను.

ఖిదిర్‌పూర్‌లోని ఫ్యాన్సీ మార్కెట్ దగ్గర కొట్టు తీద్దామనుకుంటున్న మన తెలుగు కుర్రాడొకడు ఈమధ్య సలహాకు వచ్చాడు. బాగా నడుస్తున్న షాపు యజమాని చెప్పినవన్నీ రాసుకున్నాడు.

"మూసేసి వెళ్ళినవాళ్ళని కూడా కలువు బాబూ. ఏ ఏడు మూశారు, అద్దె ఎంత, అరువు ఎంత ఇచ్చారు, అన్నీ అడుగు" అన్నాను.

"నష్టపోయినవాళ్ళని ఏం కదిలిస్తామండీ, బాధపడతారు" అన్నాడు.

బాధపడతారు, నిజమే. కానీ పక్కన కూర్చొని, టీ చెప్పి, నిజంగా తెలుసుకోవాలని అడిగే మనిషి దొరికితే వాళ్ళు లెక్కల పుస్తకం కూడా తీసి చూపిస్తారు. వాళ్ళని అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ ఉండి ఉండరు.