పేజీడు వేదాంతం

తెలుగు తెరమీద వేదాంతం చెప్పినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఒక దుర్మార్గుడు. ‘ముత్యాలముగ్గు’ (1975) కాంట్రాక్టరు. కాపురాలు కూల్చే బేరాలు ఒప్పుకునే ఆ పెద్దమనిషి పొద్దుపొడుపు చూసి మురిసిపోతాడు. ఆ ఎరుపులో ఆయనకి హత్య కనబడుతుంది. పనిలోపనిగా సెగట్రీకి కలాపోసన గురించి బోధ చేస్తాడు. రాసింది ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ, పలికింది కాకినాడ దగ్గరి రావు గోపాలరావు. చూస్తే నాలుగు ముక్కలే. అందాన్ని మెచ్చుకునేవాడికి అందంలోనూ నెత్తురే కనబడింది చూశారా, అక్కడుంది రమణగారి కలం. అదే మాట ఓ మంచి మాస్టారి నోట పెడితే చప్పగా చచ్చేది.

ఈ రుచి మనకి సినిమాతో రాలేదు. ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీను కోసం మా కోనసీమలో తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. బలిజేపల్లివారి నాటకంలోకి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి, వన్స్‌మోర్లు పడ్డాయి, కథ ఎంతసేపైనా ఆగింది. ఎవరూ విసుక్కోలేదు. చావు ముందు రాజూ పేదా ఒకటేనంటున్నవాడు నిన్నటి రాజు, ఇవాళ్టి కాటికాపరి. చేతిలో కర్ర ఉంది. కాసేపట్లో కన్నకొడుకు శవానికే సుంకం అడగాలి.

ఆ కర్ర పోయి వేదాంతం ఒక్కటే మిగిలినప్పుడే చిక్కంతా. భీమవరం త్రివిక్రమ్ తర్వాత ప్రతి హీరోకీ జీవితం గురించి రెండు ముక్కలు చెప్పే హక్కొచ్చేసింది, ఆయన విరుపు రాసేవాళ్లకి రాకపోయినా సరే. ఆ ముక్కలు సినిమాలోంచి ఊడొచ్చి వాట్సాప్ స్టేటస్సుల్లో హాయిగా బతికేస్తున్నాయంటే, కథకి వాటితో పనిలేదనేగా? సీరియళ్ల సంగతి సరేసరి. అత్తగారు ధర్మం చెబుతుంటే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకు నిలబడతారు, పొయ్యిమీద పాలు కూడా పొంగవు. ఈ లెక్కన కథ ఊసే లేకుండా ‘పూరీ మ్యూజింగ్స్’ అంటూ ఆడియోలో చెప్పేసిన పూరి జగన్నాథే నయం.

పరిషత్తు నాటికలు రాసేటప్పుడు నేను చూసేదొకటే: ఈ మాట పక్క పాత్రకిచ్చినా అతుకుతుందా? అతికితే కొట్టేస్తాను. మొన్న అలా జాలరి వేషానికి ఓ పేజీ కొట్టేస్తే నటుడు లబోదిబోమన్నాడు. “అది తీసేస్తే నాకింకేముందండి గురువుగారూ? ప్రైజు దానికే కదండి!” అదీ నిజమే, జడ్జీలు పేజీ డైలాగుకి ఇట్టే పడిపోతారు. సగం ఉంచాను, ఆ సగం వల బాగుచేసుకుంటూ చెప్పాలన్నాను. ఇప్పుడు అంతర్వేదిలో ఎవరి దగ్గరో కూర్చుని వల కుట్టడం నేర్చుకుంటున్నాడు. డైలాగు మాత్రం ఇంకా నోటికి రాలేదుట.