ఓల్డ్ ఫ్యాషన్డ్, మన్‌హాటన్: దుబాయ్‌లో రెండు గ్లాసులు

రెండూ విస్కీతో చేసేవే. రెండూ గిలక్కొట్టకుండా చెంచాతో నెమ్మదిగా తిప్పేవే. దుబాయ్ బార్లలో రెంటినీ పాతకాలపువిగానే లెక్కగడతారు. కానీ పుట్టినప్పుడు అవి ఎదురెదురు పక్షాలు.

1806లో న్యూయార్క్ రాష్ట్రం హడ్సన్ ఊళ్లోని ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెప్పింది: ఘాటు మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్ అనే చేదు మూలికల సారం. అంతే. తర్వాత్తర్వాత బార్లవాళ్లు అందులో రకరకాల లిక్యూర్లు చేర్చసాగారు. పాతకాపులు మాత్రం మునుపటి పద్ధతిలోనే కావాలని అడిగారు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అన్న పేరు అలా నిలిచింది. మన్‌హాటన్ ఆ కొత్తదనం వైపుది. ఇటలీ వెర్మూత్‌ని అమెరికా విస్కీకి జతచేసి, 1880లలో పేరు తెచ్చుకుంది.

ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి 45 మి.లీ. బోర్బన్, చక్కెర బిళ్ల, అంగొస్తురా బిటర్స్ చుక్కలు, కాసిన్ని నీళ్లు చాలు. తాగే గ్లాసులోనే చేస్తారు, ఐసూ అందులోనే ఉంటుంది. మొదటి గుక్క ఘాటు, చివరిది పలచన. విస్కీలో నీళ్లు పోసుకునే అలవాటున్న మనకు ఇది ఇట్టే చుట్టమవుతుంది.

మన్‌హాటన్‌కి 50 మి.లీ. రై విస్కీ, 20 మి.లీ. తీపి వెర్మూత్, ఒక చిలకరింపు బిటర్స్. వేరే గ్లాసులో ఐసుతో తిప్పి, వడకట్టి, ఐసు లేకుండా కాడ గ్లాసులో పోస్తారు. తిప్పేటప్పుడు కరిగిన నీరే దీనికి పాకం. ముందే ఆపితే గొంతు మండుతుంది, ఆలస్యమైతే నీరసపడుతుంది. గిలక్కొడితే గాలి చేరి మసకబారుతుంది. చేతికొచ్చాక సర్దుకునే దారి లేదు. అందుకే నాకు మన్‌హాటనే గొప్పది: కలిపిన చేతి పనితనం ఇందులో దాగదు.

దుబాయ్ జుమేరాలోని మిమి కకుషి రెస్టారెంట్ 1920ల ఒసాకాను గుర్తుచేస్తూ అమర్చిన చోటు. జపాన్ పడమటి రుచుల్ని తనలో కలుపుకున్న కాలం అది. గతాన్ని అలా చూడటం నాకెంతో ఇష్టం, అలా కలుపుకోవడమే మన్‌హాటన్ స్వభావమూ.

ఇంట్లో చేసుకునే సంగతి వేరు. షార్జాలో మద్యం నిషిద్ధం, అక్కడ కాపురముంటే ఈ మాటే లేదు. దుబాయ్‌లో 2023 జనవరిలో ఎత్తేసిన 30 శాతం పన్ను 2025 జనవరిలో తిరిగొచ్చింది. అందుకే ఒక్క మద్యం సీసాతో తీరిపోయే ఓల్డ్ ఫ్యాషన్డే ఇంట్లో తేలిక. వెర్మూత్ వైన్ జాతిది, మూత తీశాక ఫ్రిజ్‌లో ఉండాలి. ఒక ఆగస్టులో నేను కారు డిక్కీలో మరిచిన సీసాతో చేసిన మన్‌హాటన్ ఉడికిన ద్రాక్షరసంలా ఉంది. ఆ రోజు రై విస్కీ కూడా దండగైంది.

అయినా ఒక్కసారి చేసి చూడండి. ఇరవై తిప్పుల తర్వాత చెంచా కొన నాలుకకు తగిలించండి. మళ్లీ అయిదు తిప్పులకోసారి. మంట తగ్గి, రైలోని మిరియపు వాసన తేలినచోట ఆపి వడకట్టండి.